మసక నా కళ్ళకి కాదు, కారు కళ్ళకి!

"కళ్ళు కనపడటం లేదా తల్లీ?"

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. కోపంతో అన్నది కాదు. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన ఓ ముసలాయన, దుప్పటి భుజాన సర్దుకుంటూ, వణికే గొంతుతో అన్న మాట.

డిసెంబరు నెల. రాత్రి ఎనిమిది దాటింది. గుంటూరులో అమ్మని చూసి తెనాలి తిరిగొస్తున్నాను. అంగలకుదురు ఇంకా రాలేదు. మా వైపు కోతల రోజుల్లో రోడ్డు సగం బళ్ళది, సగం ధాన్యానిది. పట్టాల మీద వడ్లు ఆరబోసి, అంచుల వెంబడి రాళ్ళు పేర్చి, కాపలాకి పక్కనే పడుకుంటారు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, పుట్టి పెరిగింది ఈ నేల మీదే. అయినా ఆ రాత్రి ఆ రాళ్ళు బాగా దగ్గరికొచ్చేదాకా నాకు కనపడనే లేదు. మెల్లగా వస్తున్నాను కాబట్టి బ్రేకు అందింది. కారు ఆగిన చోటికీ ఆయన తలగడకీ మధ్య మూరెడు జాగా ఉందేమో!

కిందకి దిగి క్షమించమన్నాను. "పోనీలే అమ్మా, జాగ్రత్తగా పో" అన్నాడాయన. నా కాళ్ళు మాత్రం ఇంటికొచ్చేదాకా వణుకుతూనే ఉన్నాయి.

ఆ సంగతి ఇంట్లో చెప్పడం నాదే పొరపాటు. మావారు అన్నం ముందు నుంచి లేచి, "రేపట్నుంచి చీకటి పడ్డాక నువ్వు కారు తీయొద్దు" అనేశారు. మామగారు పేపరులోంచి తల ఎత్తకుండానే, "ఆడవాళ్ళకి రాత్రి డ్రైవింగు ఎందుకమ్మా" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ నామీదే అనుమానం వచ్చింది. నలభయ్యోపడిలో పడబోతున్నాను. చూపు తగ్గిందేమో!

కానీ కారు తీయకపోతే ఎలా? అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషనయింది. పగలు చూసుకునే అమ్మాయి ఆరింటికి వెళ్ళిపోతుంది. రాత్రికి తోడుండే మనిషి ఏడున్నరకి గానీ రాదు. ఆ గంటన్నర నాది. చీకటి పడకముందే ఇల్లు చేరాలంటే అయిదింటికే బయల్దేరాలి. నాలుగు రోజులు అలాగే చేశాను. అయిదో రోజు అమ్మ ఒక్కతే గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్ళిందని తెలిసి నా ప్రాణం జివ్వుమంది.

ఇక లాభం లేదనుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అక్షరాలు చదివించి, చుక్కల మందు వేసి, దీపం పెట్టి చూసి, "మీ కళ్ళకేం లేదు. చత్వారానికి కూడా ఇంకా టైముంది" అని పంపించేశారు. మరి ఆ రాళ్ళు ఎందుకు కనపడలేదు?

లాంతరు చిమ్నీ సాక్షిగా

జవాబు చెప్పింది మా అత్తగారు.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. మావారు అప్పుడే వచ్చి కారు ప్రహరీగోడకి ఎదురుగా ఆపారు. పక్కింటి వాళ్ళ కొత్త కారు కూడా అప్పుడే వచ్చి ఆగింది. రెండు కార్ల వెలుతురూ ఒకే గోడ మీద పడింది. పక్కింటి వాళ్ళ దీపం పడ్డచోట ఇటుకల గీతలు లెక్కపెట్టొచ్చు. మా దీపం పడ్డచోట పల్చటి పసుపు నీళ్ళు చల్లినట్టుంది, అంతే.

అరుగు మీద కూచున్న అత్తగారు ఓ నిమిషం చూసి, "ఏమే, మీ కారు చిమ్నీ తుడిచి ఎన్నేళ్ళయింది?" అన్నారు.

నాకు చటుక్కున చిన్నప్పటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. సందె వేళకి లాంతర్లన్నీ వరసగా పెట్టుకుని, ముగ్గుపిండో బూడిదో గుడ్డకి అద్ది చిమ్నీలు తుడవడం మా పిల్లల పని. మా చేతులే కదా చిమ్నీలో దూరేవి! ఒక్కరోజు తుడవకపోతే ఆ రాత్రి వత్తి ఎంత ఎగదోసినా వెలుతురు రాదు, పైగా మసి పెరుగుతుంది. అమ్మమ్మ అనేది, "తప్పు వత్తిది కాదే, గాజుది" అని.

మర్నాడు పొద్దున్నే చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి కారు ముందు కూచున్నాను. హెడ్‌లైటు మీద నీళ్ళు పోశాను. ఆశ్చర్యం! తడి ఉన్నంతసేపూ లోపలి బల్బు చక్కగా కనిపించింది. ఆరగానే మళ్ళీ పసుపు మసక. తరవాత తెలిసింది, అదే అసలు పరీక్షట. తడిపితే తేటగా కనిపిస్తే జబ్బు పైపైనే ఉన్నట్టు, మనం ఇంట్లో బాగు చేసుకోవచ్చు. తడిపినా మసకగానే ఉంటే, లేక లోపలివైపు చెమట పట్టినట్టు నీటి చుక్కలుంటే అది లోపలి జబ్బు. పైన ఎంత రుద్దినా లాభం లేదు.

అసలు ఈ పసుపు ఎందుకొస్తుంది?

వెనకటి అంబాసిడర్లకీ ఫియట్లకీ దీపాల ముందు అచ్చమైన గాజు ఉండేది. రాయి తగిలితే పగిలేదే గానీ పచ్చబడేది కాదు. ఇప్పటి కార్లకి ఉన్నది గాజు కాదు, పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, ఇంచుమించు అదే రోజుల్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్, ఎవరికి వారు దీన్ని కనిపెట్టారు. తేలిక, దెబ్బకి ఓ పట్టాన పగలదు, ఏ ఆకారంలోకైనా ఒదుగుతుంది. కార్ల వాళ్ళకి ఇంకేం కావాలి?

కాకపోతే దీనికి రెండు బలహీనతలు. ఒకటి, తేలిగ్గా గీతలు పడుతుంది. రెండోది, ఎండలోని అతినీలలోహిత కిరణాలకి తట్టుకోలేదు. అందుకే తయారు చేసేటప్పుడే పైన ఒక గట్టి పారదర్శకమైన పూత వేస్తారు. ఆ పూతే దానికి గొడుగు. ఏళ్ళ తరబడి ఎండ, దుమ్ము, ముందుబళ్ళ చక్రాలు ఎగరేసే ఇసక తగిలి ఆ పూత బీటలు తీస్తుంది, పెచ్చులూడుతుంది. కింది ప్లాస్టిక్ పచ్చబడుతుంది. నీడ లేకుండా నడివీధిలో నిలబెట్టే కార్లకి ఇది మరీ త్వరగా వస్తుంది. మాది పదకొండేళ్ళ బండి, ఎప్పుడూ వేపచెట్టుకి అవతల ఎండలోనే!

మసకబారిన దీపంతో రెండు నష్టాలు. రోడ్డు మీద పడాల్సిన వెలుతురు పడదు. ఆ పడనిది ఊరికే పోతుందా? అటూ ఇటూ చెదిరి ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొడుతుంది. అమెరికాలో త్రిబుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2018లో పరీక్ష చేసి చూస్తే, బాగా పచ్చబడ్డ దీపాలు కొత్తవాటి వెలుతురులో 20 శాతమే ఇచ్చాయట. అంటే రూపాయికి నాలుగణాలు కూడా కాదు! వాటినే రుద్ది బాగు చేస్తే సుమారు 70 శాతానికి వచ్చింది. కొత్తదానితో సమానం కాకపోయినా, ఇరవైకీ డెబ్భైకీ మధ్య ఓ ముసలాయన ప్రాణముందని నాకు తెలుసు.

టూత్‌పేస్టు సంబరం

ఈ సంగతి చెప్పగానే మావారు, "షెడ్డులో అడిగితే రెండు దీపాలూ మార్చాలంటారు. తొమ్మిది వేలు" అన్నారు. "లేదంటే పెద్ద బల్బు వేయిద్దాం" అన్నది మామగారి సలహా. ఆ రెండోది మాత్రం వద్దని తరవాత తెలుసుకున్నాను. చాలా కార్లకి వేసే మామూలు బల్బు 60/55 వాట్లు. దానికి మించి 100 వాట్లది వేస్తే చట్టం ఒప్పుకోదు, వేడికి దీపం లోపలి పూత, వైర్లు పాడవుతాయి, మసక అద్దంలోంచి ఎదుటివాడి కళ్ళు ఇంకా జిగేలుమంటాయి. చిమ్నీ తుడవకుండా వత్తి ఎగదోసినట్టే!

నేను మాత్రం మొదట చేసింది అందరు ఆడవాళ్ళూ చేసేదే. ఎవరో చెప్పిన చిట్కా పట్టుకుని, తెల్ల టూత్‌పేస్టు తడిగుడ్డకి రాసి రుద్దాను. అరగంటలో అద్దం మిలమిలలాడిపోయింది! మావారిని, మామగారిని పిలిచి చూపించాను. కారు తాళంచెవి మళ్ళీ నా చేతికొచ్చింది. ఇది సంక్రాంతికి ముందు మాట.

శివరాత్రి వచ్చేసరికి మళ్ళీ అదే పసుపు. తాళంచెవి మళ్ళీ మావారి జేబులోకి.

ఈసారి మా బజారు చివర డెంటింగు, పెయింటింగు షెడ్డు నడిపే ఆయన్ని అడిగాను. ఆయన నవ్వి, "పేస్టులో సన్నటి గరుకుంటదమ్మా. అది పైపొర కాస్త గీకి మెరుపు తెస్తది. కానీ మీరు ఉన్న గొడుగు కూడా తీసేసి ఎండలో నిలబెట్టారు. రుద్దడం సగం పనే, పైన పూత వెయ్యడం అసలు పని" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం బోధపడింది. మిగతాది ఆయన దగ్గర నిలబడి ఒక దీపం చేస్తుంటే చూసి నేర్చుకున్నాను.

అసలు పని ఇదీ

కావలసినవి: 800, 1000, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లు ఒక్కోటి, రంగులు వేసేవాళ్ళు వాడే మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండు చిన్న డబ్బా, మెత్తటి పాత నూలుగుడ్డలు, బకెట్టు నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, ఐసోప్రొపైల్ స్పిరిట్టు కొంచెం, హెడ్‌లైట్లకని అమ్మే యు.వి. రక్షణ పూత. నాకు అన్నీ కలిపి ఎనిమిది వందల లోపే అయింది.

హార్డ్‌వేర్ షాపులో "వాటర్ పేపరు కావాలి" అంటే "ఎంత నంబరు?" అని అడుగుతారు. కంగారు పడకండి. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. నూక, రవ్వ, వరిపిండి, మైదా... ఇలా గుర్తు పెట్టుకుంటే సరి.

ముందుగా దీపాన్ని సబ్బునీళ్ళతో శుభ్రంగా కడగాలి. ఇసక రేణువు ఒక్కటి మిగిలినా పేపరు కింద పడి లోతు గీత గీస్తుంది. ఆరాక దీపం చుట్టూ ఉన్న కారు రంగు మీద టేపు రెండు వరసలు అంటించాలి. ఇది బద్ధకించారో, దీపం బాగుపడి బానెట్టు పాడవుతుంది!

పేపర్లని పది నిమిషాలు నీళ్ళలో నాననివ్వాలి. మొదట 800 నంబరుతో, నీళ్ళు చల్లుకుంటూ, అడ్డంగా ఒకే వైపుకి రుద్దాలి. బలం వద్దు, ఓపిక కావాలి. మొదట్లో కారే నీళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి. అది పాత పూత పోతున్న గుర్తు. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా, ఎక్కడా పెచ్చుల అంచులు కనిపించనంతదాకా రుద్దాలి. పూత మరీ పెచ్చులూడి ఉంటే 600తో మొదలుపెట్టాలి.

తరవాత 1000 నంబరుతో నిలువుగా. 1500తో మళ్ళీ అడ్డంగా. 2000తో నిలువుగా. 3000తో అడ్డంగా. ఇలా దిక్కు మార్చడంలో కిటుకుంది. నిలువుగా రుద్దుతున్నప్పుడు వెనకటి అడ్డగీతలు ఇంకా కనిపిస్తే ఆ నంబరు పని పూర్తి కాలేదని తెలుస్తుంది. నంబరు మారినప్పుడల్లా దీపాన్ని కడిగి, బకెట్టులో నీళ్ళు కూడా మార్చాలి.

ఇక్కడో మాట. 800తో రుద్దాక దీపం మునుపటికన్నా అధ్వాన్నంగా, పాలు పోసినట్టు తెల్లగా కనిపిస్తుంది. నాకైతే ఏడుపు వచ్చినంత పనైంది. మావారు వరండాలోంచి చూసి, "తొమ్మిది వేలు సిద్ధం చేసుకోనా?" అన్నారు. నేను పలకలేదు. భయపడి అక్కడ ఆపేస్తే నిజంగానే తొమ్మిది వేలు! 3000 అయ్యేసరికి ఆ తెలుపు పల్చటి ఆవిరిలా మారుతుంది.

అప్పుడు పొడిగా తుడిచి, నూలుగుడ్డకి రబ్బింగ్ కాంపౌండు అద్ది గుండ్రంగా రుద్దాలి. వెండి కుంకుమభరిణె తోమినట్టన్నమాట. అయిదారు నిమిషాల్లో ఆవిరి విడిపోయి బల్బు కనపడుతుంది. నా మొదటి దీపానికి మొత్తం గంటన్నర పట్టింది. రెండోదానికి గంట.

ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది పూత. గుడ్డకి స్పిరిట్టు అద్ది దీపం మీది జిడ్డంతా తుడిచేసి, వేలు తగలకుండా ఆరనిచ్చి, పూతని ఒకే చివర నుంచి ఒకే చివరకి, మళ్ళీ మళ్ళీ వెనక్కి రాకుండా రాయాలి. మబ్బు, వాన, గాలిదుమ్ము ఉన్నరోజు పెట్టుకోవద్దు. ఎండలో కాకుండా నీడన, వెలుతురున్న చోట చేయాలి. ఆరడానికి డబ్బా మీద ఎంత టైము రాసి ఉంటే అంతసేపూ నీళ్ళు తగలనివ్వకూడదు. షెడ్లలో తుపాకీతో కొట్టే రెండు డబ్బాల క్లియర్ కోటు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తగిన మాస్కు లేకుండా ఇంట్లో దాని జోలికి పోవద్దు. పూత బదులు కారు మైనం రాసినా కొంత పనిచేస్తుంది గానీ నెలా రెండునెలలకోసారి తిరిగి రాస్తుండాలి.

అంతా అయ్యాక చీకట్లో కారు గోడకి ఎదురుగా నిలబెట్టి, రెండు దీపాల వెలుతురూ ఒకే ఎత్తులో పడుతోందో లేదో చూసుకోండి. ఒకటి ఆకాశంలోకి చూస్తుంటే షెడ్డులో సరిచేయిస్తే చాలు.

ఇవి మాత్రం వద్దు

దోమలు కుట్టకుండా ఒంటికి పూసుకునే మందు రుద్దితే క్షణంలో తెల్లబడుతుందని ఒక చిట్కా ప్రచారంలో ఉంది. తెల్లబడే మాట నిజమే. అందులోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది కనుక! నాలుగు రోజులయ్యాక చూసుకుంటే ఉన్నదీ పాడవుతుంది. గోళ్ళరంగు తుడిచే అసిటోన్, పెయింటు థిన్నరు కూడా అంతే. పాలీకార్బనేట్ మీద సన్నటి నెర్రెలు తెస్తాయి. పొడి పేపరుతో రుద్దొద్దు. పాత కార్ల గాజు దీపాలకి ఈ వైద్యం అక్కర్లేదు, మంచి నీళ్ళు చాలు. పగుళ్ళున్న దీపాన్ని, లోపల నీరు చేరిన దీపాన్ని మార్చుకోవడమే మంచిది.

మళ్ళీ అదే దారి

ఆదివారం మధ్యాహ్నం రెండు దీపాలూ పూర్తయ్యాయి. చేతులు పగిలాయి, నడుం పట్టేసింది. చీకటి పడ్డాక మావారు తనే కారు తీసి గోడకి ఎదురుగా నిలబెట్టారు. ఇటుకల గీతలు కనిపించాయి. పక్కింటి కొత్త కారంత కాదు, కానీ కనిపించాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన. తరవాత నెమ్మదిగా, "ఇన్నాళ్ళూ నేనూ ఈ దీపాలతోనే రాత్రిళ్ళు విజయవాడ వెళ్ళొచ్చాను కదూ" అన్నారు. తాళంచెవి గూట్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆయనకి కనపడకపోతే రోడ్డు బాగాలేదు. నాకు కనపడకపోతే ఆడవాళ్ళకి రాత్రి డ్రైవింగు చేతకాదు! తప్పు ఎక్కడుందో చూడకుండా నేనూ ఆ మాట నమ్మేశాను చూశారూ, అదే నాకు సిగ్గనిపించింది. ఆ ముసలాయన అడిగింది సరైన ప్రశ్నే. నేను వెతికిందే తప్పు కళ్ళల్లో.

సోమవారం అమ్మ దగ్గర ఏడున్నర దాకా కూచున్నాను. తోడుండే ఆవిడ వచ్చాక, అమ్మకి పాలు తాగించి, బయల్దేరాను. నారాకోడూరు దాటాక రోడ్డు పక్కన ఈసారి వడ్లు కాదు, మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. రాళ్ళ వరస దూరం నుంచే తెల్లగా కనిపించింది. పక్కన దుప్పటి కప్పుకుని ఎవరో పడుకుని ఉన్నారు. ఆయన నిద్ర చెడకుండా దీపం కిందికి దించి, స్పీడు తగ్గించి, పక్కనుంచి నెమ్మదిగా వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు అరుగు మీదే ఉన్నారు. "చిమ్నీ తుడిచాక ఎలా ఉందే?" అన్నారు. "బాగా కనిపిస్తోంది అత్తయ్యా" అన్నాను. "మరింకేం, రేపు పక్కింటి పిన్నిగారి స్కూటరు దీపం కూడా చూడు. నిన్నటినుంచి అడుగుతోంది" అని లోపలికి నడిచారు.

మీ వాకిట్లో ఉన్న బండిని ఈ సాయంత్రం ఓసారి గోడకి ఎదురుగా నిలబెట్టి చూడండి. చెంబెడు నీళ్ళు పోసి పరీక్షించండి. ఆ తరవాత ఎవరైనా మీ చూపుకి వంకపెడితే, ముందు దీపాన్ని చూడమనండి!